మీ బరువు అవతల ఎవరు చూస్తున్నారు?

(చెన్నైలో తెలుగువాళ్లు నెలకోసారి కలుసుకునే సమావేశంలో ఒక డైటీషియన్ మాట్లాడినదానికి రాతరూపం. సభలోంచి వచ్చిన ప్రశ్నలు కొన్ని చివర్లో ఉన్నాయి.)

అందరికీ నమస్కారం. మైకు వెనకదాకా వినపడుతోందా? సరే. నాకిచ్చిన టాపిక్ ఆన్‌లైన్‌లో బరువు తగ్గించే ప్రోగ్రాములు, అంటే క్లినిక్‌కి వెళ్లకుండా ఫోన్‌లో, వాట్సాప్‌లో, యాప్‌లో, వీడియో కాల్‌లో జరిగేవి. ఈ హాల్లో ఎంతమంది ఫోన్లలో కేలరీలు లెక్కపెట్టే యాప్ ఉందో చేతులెత్తమంటే చాలామందే ఎత్తుతారు, పోయిన వారం దాన్ని తెరిచినవాళ్లు ఎవరంటే మాత్రం చేతులు దిగిపోతాయి. (నవ్వులు) నవ్వుతున్నారు కదా, నేను చెప్పబోయేదాంట్లో సగం అదే. డబ్బు కట్టే ముందు మీరు అడగాల్సిన మొదటి ప్రశ్న, నేను పంపే అంకెలు అవతల ఎవరైనా మనిషి చదువుతారా, చదివి నాకు తిరిగి ఏమైనా చెప్తారా అని. మిగతా ఫీచర్లన్నీ దాని తర్వాతే. ఈవిడ డైటీషియన్ కాబట్టి మనిషి కావాలనే అంటుంది, తన పొట్టకూటి కోసం, అని మీకనిపించొచ్చు. అనిపించాలి కూడా. అందుకే నా మాట పక్కన పెట్టి పరీక్షల్లో ఏం తేలిందో చెప్తాను.

2001లో అమెరికాలో, బ్రౌన్ యూనివర్సిటీ వాళ్లు ఒక చిన్న ప్రయోగం చేశారు. అప్పటికి స్మార్ట్‌ఫోన్లు లేవు, ఇంటర్నెట్ అంటే ఆఫీసు కంప్యూటరూ ఈమెయిలూ. బరువు ఎక్కువున్న ఆసుపత్రి ఉద్యోగులు 91 మందిని తీసుకుని రెండు గుంపులు చేశారు. ఒక గుంపుకి ఆహారం, వ్యాయామం గురించి మంచి సమాచారం ఎక్కడెక్కడ దొరుకుతుందో చూపించే వెబ్‌సైట్ ఇచ్చి మీరే చూసుకోండి అన్నారు. రెండో గుంపుకి అదే సమాచారంతోపాటు వారం వారం ఈమెయిల్‌లో ఒక పాఠం పంపారు, వీళ్లు ఆ వారం ఏం తిన్నారో ఎంత నడిచారో రాసి పంపితే అవతల ఒక థెరపిస్టు చదివి ఎవరికి వాళ్లకి జవాబు రాసేవారు. ఆరు నెలల తర్వాత మొదటి గుంపు సగటున 1.6 కిలోలు తగ్గింది, రెండోది 4.1 కిలోలు. సమాచారం ఇద్దరికీ ఉంది. తేడా అంతా ఆ రాయడంలోనూ, రాసినదానికి జవాబు రావడంలోనూ ఉంది. రెండేళ్లకు, 2003లో, ఇదే బృందం మధుమేహం వచ్చే ప్రమాదమున్న 92 మందితో ఇంకా బిగించి చూసింది. ఈసారి అందరికీ ఒకటే వెబ్‌సైటు, బరువు కూడా అందరూ వారం వారం పంపాల్సిందే, ఒక్క సగం మందికి మాత్రం ఈమెయిల్‌లో సలహాలిచ్చే మనిషిని కలిపారు. ఏడాది తర్వాత మనిషి లేనివాళ్లు 2 కిలోలు తగ్గారు, మనిషి ఉన్నవాళ్లు 4.4 కిలోలు.

ఇదేం వింతకాదు. హోమ్‌వర్క్ దిద్దని ట్యూషన్ మాస్టారి దగ్గర పిల్లలు ఎన్ని రోజులు రాస్తారు?

ఇప్పుడు మీకు నేను అన్నిటికంటే ముఖ్యమనుకునే పరీక్ష ఒకటుంది. 2011లో వచ్చింది, బాల్టిమోర్‌లో జాన్స్ హాప్కిన్స్ వాళ్లు చేశారు. ఊబకాయంతో పాటు బీపీయో షుగరో కొలెస్ట్రాలో, ఏదో ఒకటి ఉన్న 415 మంది. వీళ్ల సగటు బరువు వంద కిలోలు దాటే ఉంది, అంటే ఏదో పెళ్లికి రెండు కిలోలు తగ్గాలనుకునేవాళ్లు కాదు. మూడు గుంపులు. ఒకరికి పుస్తకాలూ వెబ్‌సైట్ల జాబితా ఇచ్చి వదిలేశారు. రెండో గుంపుకి ఫోనూ ఈమెయిలూ వెబ్‌సైటూ మాత్రమే, మనిషి ముఖం ఎప్పుడూ చూడరు, మొదటి మూడు నెలలు వారానికో ఫోను, తర్వాత నెలకోసారి. మూడో గుంపుకి ఇవన్నీ ఉంటూనే ఎదురుగా కూర్చోబెట్టి చెప్పే క్లాసులు కూడా. రెండేళ్లు నడిపారు, అది గుర్తుంచుకోండి, మూడు నెలలకు ఎవరైనా తగ్గిస్తారు. రెండేళ్ల తర్వాత మొదటి గుంపు 0.8 కిలోలు, ఫోను గుంపు 4.6 కిలోలు, ఎదురుగా చెప్పిన గుంపు 5.1 కిలోలు. చివరి రెంటికీ మధ్య ఉన్న ఆ అరకిలో తేడా లెక్కలోకి రాదన్నారు. ఉన్న బరువులో నూటికి 5 వంతులైనా తగ్గినవాళ్లు ఫోను గుంపులో 38 శాతం, ఎదురుగా కూర్చున్నవాళ్లలో 41 శాతం, వదిలేసినవాళ్లలో 19 శాతం.

నాలుగున్నర కిలోలేనా అనుకుంటున్నారు కొందరు, ముఖాల్లో తెలుస్తోంది. ఇన్‌స్టాలో "30 రోజుల్లో 15 కిలోలు" చూసిన కళ్లకి ఇది చప్పగా ఉంటుంది. కానీ ఇది సగటండీ, అందులో పది పన్నెండు కిలోలు తగ్గినవాళ్లూ ఉంటారు, అసలు తగ్గనివాళ్లూ ఉంటారు. ఇంకోటి, 80 కిలోల మనిషికి 5 శాతం అంటే 4 కిలోలు, బీపీ, షుగరు, ట్రైగ్లిజరైడ్లు అనే రక్తంలోని కొవ్వు మెరుగవడం అక్కడే మొదలవుతుంది. పాత ప్యాంటు పట్టకపోవచ్చు. రక్తపరీక్షలో మాత్రం తెలుస్తుంది.

ఎదురుగా కూర్చుని చెప్పడం ఎప్పుడూ ఫోనుతో సమానమేనా అంటే, అదీ కాదు. 2010లో 481 మందితో చేసిన పరీక్షలో ఆరు నెలలకు ఎదురుగా కలిసినవాళ్లు 8 కిలోలు తగ్గితే ఇంటర్నెట్‌లో మాత్రమే కలిసినవాళ్లు 5.5 తగ్గారు. 2013లో అమెరికాలోని గుండె, ఊబకాయ వైద్యుల సంఘాలు ఇచ్చిన మార్గదర్శకాల్లో కూడా ఆ మాట ఒప్పుకున్నారు. ముఖాముఖి అయితే మేలు, ఆరు నెలల్లో కనీసం 14 సార్లు కలవాలి, అది కుదరకపోతే ఫోను, ఇంటర్నెట్ పద్ధతులు వాడొచ్చు, కానీ శిక్షణ ఉన్న మనిషి వ్యక్తిగతంగా జవాబిచ్చేలా ఉండాలి, తగ్గుదల కొంచెం తక్కువ ఉండొచ్చు అని. నేను ఈ ఊళ్లో ఉంటూ చెప్తున్నాను, తాంబరం నుంచి అడయారుకి సాయంత్రం ఆరింటికి వారానికోసారి వచ్చి కూర్చోమంటే ఎవరొస్తారు? ఆరు నెలల్లో 14 సార్లు? రెండుసార్లు వచ్చి మూడోసారి వాన అంటారు. ఐటీ కంపెనీలుండే ఓఎంఆర్ రోడ్డులో అమెరికా షిఫ్టు చేసే కుర్రాళ్లు క్లినిక్ తెరిచే టైముకి పడుకుంటారు. పసిపిల్లల తల్లులు, మంచాన పడ్డ అత్తగారిని చూసుకునే కోడళ్లు, వీళ్లకి ఇల్లు కదలడమే పెద్ద పని. మానేసే ముఖాముఖి కంటే మానకుండా సాగే ఫోను నయం, నా లెక్క అంతే.

మరి మనిషి లేని యాప్ సంగతి? 2014లో కాలిఫోర్నియాలో 212 మంది రోగుల్లో సగం మందికి మైఫిట్‌నెస్‌పాల్ అనే యాప్ చూపించి, ఎలా వాడాలో నేర్పి పంపారు. మీలో చాలామందికి తెలిసిన యాపే, ఉచితం. ఆరు నెలలకు రెండు గుంపుల మధ్య తేడా లేదు. యాప్ చెడ్డదని కాదు, చాలామందికి నచ్చింది కూడా, కానీ మొదటి నెల తర్వాత లాగిన్లు బాగా పడిపోయాయి. చేతికి కట్టుకునే బ్యాండ్ల సంగతి ఇంకా చిత్రం. 2016లో పిట్స్‌బర్గ్‌లో 471 మంది యువతీయువకులతో రెండేళ్లు చేసిన పరీక్షలో, మామూలు పద్ధతిలో కౌన్సెలింగ్ తీసుకుని తమ లెక్క తామే రాసుకున్నవాళ్లు 5.9 కిలోలు తగ్గితే, అదే కౌన్సెలింగ్‌తోపాటు కదలికల్ని కొలిచే పరికరం పెట్టుకున్నవాళ్లు 3.5 కిలోలే తగ్గారు. ఎందుకలా అయిందో గట్టిగా తేలలేదు. పది వేల అడుగులు నడిచాను కదా, ఇంక ఒక మైసూర్‌పాక్ తింటే ఏమవుతుంది అనుకుంటామేమో అని నా అనుమానం. అనుమానమే, శాస్త్రం కాదు.

ఇక మన ఊరికి వద్దాం. చెన్నై ఈ విషయంలో చిన్న ఊరేం కాదు. ఇక్కడి డాక్టర్ రామచంద్రన్ గారి బృందం 2006లో ప్రచురించిన పరీక్షలో, మధుమేహానికి ముందు మెట్టు మీదున్న 531 మందిని మూడేళ్లు చూశారు. తిండి, నడక మార్చుకున్నవాళ్లలో మధుమేహం వచ్చే ప్రమాదం 28.5 శాతం తగ్గింది. గమ్మత్తేమిటంటే వీళ్ల బరువు పెద్దగా తగ్గలేదు! మనవాళ్లలో చాలామందికి కొవ్వు పొట్ట చుట్టూ, కాలేయంలో ఉంటుంది, తూకం కదలకపోయినా లోపల కొంత మార్పు జరుగుతూనే ఉంటుంది. తర్వాత 2013లో అదే బృందం ఇంకో పని చేసింది. ఫ్యాక్టరీల్లో, కంపెనీల్లో పనిచేసే 537 మంది మగవాళ్లు, అందరికీ మొదట్లో ఒకసారి సలహా ఇచ్చారు. సగం మందికి రెండేళ్లపాటు వారానికి రెండు నుంచి నాలుగు ఎస్సెమ్మెస్‌లు పంపారు. యాప్ లేదు, వీడియో లేదు, రంగుల గ్రాఫులు లేవు, మనం బ్యాంకు మెసేజ్ చూసుకునే ఆ మామూలు ఎస్సెమ్మెస్. మెసేజ్‌లు అందుకున్నవాళ్లలో 18 శాతం మందికి మధుమేహం వచ్చింది, అందుకోనివాళ్లలో 27 శాతం మందికి. ప్రమాదం 36 శాతం తగ్గిందన్నమాట.

ఇది నా వాదానికి కొంచెం ఎదురే, తెలుసు. మెసేజ్ వెళ్తోంది, అవతల వాళ్లు జవాబు రాయక్కర్లేదు, మరి మనిషి ఏడీ? నిజమే. కానీ వాళ్లని ఆరు నెలలకోసారి పిలిచి పరీక్ష చేశారు, ఎవరికి ఏ మెసేజ్ వెళ్లాలన్నది ఆ మనిషి మార్పుకి ఎంతవరకు సిద్ధపడ్డాడో చూసి పంపారు. పైగా అక్కడ లక్ష్యం మధుమేహాన్ని ఆపడం, పది కిలోలు దించడం కాదు. కాబట్టి నేనేమంటానంటే, గుర్తుచేయడానికి యంత్రం చాలు, అలవాటు మార్చడానికి మనిషి ఉంటే మంచిది. మీకు కావాల్సింది ఏదో ముందు తేల్చుకోండి.

ఎవరికి అవసరం అన్నది కూడా చెప్పి ముందుకెళ్తాను. మన దేశపు వాళ్లకి బీఎంఐ, అంటే ఎత్తుకి బరువు ఎంతుందో చెప్పే లెక్క, 23 దాటితే బరువు ఎక్కువ, 25 దాటితే ఊబకాయం అని మన వైద్యులు పెట్టుకున్న గీత. యూరప్ వాళ్లకి ఊబకాయం 30 దగ్గర మొదలవుతుంది. 163 సెంటీమీటర్లున్న మనిషికి 25 అంటే సుమారు 66 కిలోలు. ఇక్కడ చాలామంది దాటేసే ఉంటాం. (నవ్వులు) నడుము కొలత మగవాళ్లకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్లకి 80 దాటకూడదు, టైలరు టేపు చాలు, బొడ్డు దగ్గర, పొట్ట లోపలికి లాగకుండా. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో బీఎంఐ 25, ఆపైన ఉన్న ఆడవాళ్లు తమిళనాడులో 40 శాతం, ఆంధ్రలో 36 శాతం. దేశం మొత్తం మీద అది 24 శాతమే. మనం రెండు రాష్ట్రాలకీ చెందినవాళ్లం కాబట్టి ఎటు లెక్కేసుకున్నా ముందే ఉన్నాం.

సరే, మంచి ఆన్‌లైన్ ప్రోగ్రాములో అసలు ఏం జరుగుతుంది? మీరు తిన్నది రాస్తారు, బరువు పంపుతారు, అవతల మనిషి చదువుతుంది. చదవడంలోనే ఉంది పనితనం. ఈ తిన్నది రాయడం గురించి 1992లో వచ్చిన ఒక పాత పరిశోధన ఉంది, న్యూయార్క్‌లో, ఎంత తక్కువ తిన్నా తగ్గడం లేదు అని వచ్చిన పదిమందిని శాస్త్రీయంగా కొలిచారు. వాళ్లు తిన్నామని రాసినదానికంటే నిజంగా తిన్నది చాలా ఎక్కువ, దాదాపు సగం రాతలోకి రాలేదు. చేశామని చెప్పిన వ్యాయామం మాత్రం నిజానికి సగం మించి ఎక్కువ చూపించారు. అబద్ధాలు చెప్పారని కాదు. మనకి గుర్తుండదు. కూర తాలింపులో పడిన నూనె ఎవరు రాస్తారు, పిల్లాడి ప్లేట్లో మిగిలిన సగం దోసె ఎవరు రాస్తారు, గుడిలో ఇచ్చిన చక్కెరపొంగలి తిన్నదాని కింద లెక్కే కాదు.

మన తిండికి ఇంకో తంటా ఉంది. యాప్‌లో "ఒక గిన్నె అన్నం" అని ఉంటుంది. ఎవరింటి గిన్నె? వండిన అన్నం వంద గ్రాములకి సుమారు 130 కేలరీలు, మన ఇళ్లల్లో పళ్లెంలో మొదటిసారి పెట్టుకునేదే రెండు మూడు వందల గ్రాములు ఉంటుంది, తర్వాత చారుకి కొంచెం, పెరుగుకి కొంచెం. ముద్దపప్పు అని వెతికితే యాప్ దాల్ తడ్కా చూపిస్తుంది. పులిహోరని నిమ్మకాయ అన్నం అంటుంది, ఆ నూనె లెక్క ఎక్కడా కలవదు. అందుకని నా దగ్గరికొచ్చేవాళ్లకి నేను మొదటి వారం కేలరీలు లెక్కపెట్టొద్దంటాను. ఐదారు వందల రూపాయల్లో వంటింటి తూకం దొరుకుతుంది, మీ ఇంటి గరిటెతో ఒక గరిటె అన్నం ఎంత తూగుతుందో ఒక్కసారి చూడండి, తర్వాత గరిటెల్లో రాయండి. నూనె అయితే రోజూ కొలవలేరు, నెలకి ఎన్ని ప్యాకెట్లు కొంటున్నారో చెప్పండి, ఇంట్లో ఎంతమందో చెప్పండి, భాగించడం నా పని. ఒక టేబుల్‌స్పూను నూనె 120 కేలరీలు, ఇంట్లో నలుగురూ తలా ఒక స్పూను తగ్గిస్తే నెలకి దగ్గర దగ్గర రెండు లీటర్లు మిగులుతుంది, కిరాణా బిల్లులోనే కనపడుతుంది. మన ఆహారాల లెక్క కావాలంటే హైదరాబాద్ జాతీయ పోషకాహార సంస్థ వాళ్ల 2017 పట్టికలున్నాయి, పచ్చి దినుసుల లెక్కలకి వాటికి మించింది నాకు తెలియదు.

ఫొటో పంపమని కూడా అడుగుతాను, ముఖ్యంగా రాయడం బద్ధకమైనవాళ్లని. కానీ నేను అన్నిటికంటే జాగ్రత్తగా చూసేది రాసిన రోజుల్ని కాదు, రాయని రోజుల్ని. సోమవారం నుంచి శుక్రవారం దాకా ముత్యాల్లాగా రాస్తారు, ఓట్సు, మొలకలు, రాగి జావ. శనాదివారాలు ఖాళీ. ఆ ఖాళీలోనే బిర్యానీ ఉంది, బీరు ఉంది, బంధువుల ఇంట్లో భోజనం ఉంది. యాప్ అయితే "మీరు లాగ్ చేయడం మర్చిపోయారు" అని గంట కొడుతుంది, దాన్ని నోటిఫికేషన్లలోకి వెళ్లి ఆపేస్తారు. మనిషి అయితే, శనివారం ఎక్కడికెళ్లారండీ, ఎవరింట్లో, మళ్లీ ఈ శనివారం కూడా వెళ్తున్నారా, అక్కడ వడ్డించేది ఎవరు, వద్దంటే నొచ్చుకుంటారా, అని అడుగుతుంది. అప్పుడు ఒక ఉపాయం దొరుకుతుంది. ఆకలేస్తూ వెళ్లకపోవడం, ముందు కూర వేయించుకుని తర్వాత అన్నం పెట్టించుకోవడం, ఇలా ఏదో చిన్నది. ఇలాంటివి పెద్ద సిద్ధాంతాలేం కాదు, కానీ ఎవరిది వాళ్లకే సరిపోతుంది.

ఇప్పుడు కాస్త కటువుగా మాట్లాడాల్సిన చోటికి వచ్చాను. వాట్సాప్ గ్రూపులో 21 రోజుల ఛాలెంజ్ పెట్టి, పొద్దున ఒక షేక్ రాత్రి ఒక షేక్ అని డబ్బా అమ్మేవాళ్లు, దాన్ని ప్రోగ్రామ్ అనొద్దు, అది వ్యాపారం. డబ్బా ఉన్నన్నాళ్లు తగ్గుతారు. ఆ గ్రూపు అడ్మిన్ మీ కిడ్నీ రిపోర్టు చూశారా? మీరు ఏ మాత్రలు వేసుకుంటున్నారో అడిగారా? ఇది చాలా ముఖ్యం, ఇన్సులిన్ తీసుకునేవాళ్లు, గ్లిమిపిరైడ్ లాంటి షుగరు మాత్రలు వేసుకునేవాళ్లు ఒక్కసారిగా తిండి తగ్గిస్తే షుగర్ పడిపోయి కళ్లు తిరుగుతాయి, ఒక్కోసారి స్పృహ తప్పుతుంది. బరువు తగ్గుతుంటే బీపీ మాత్ర డోసు కూడా మార్చాల్సి రావొచ్చు. మరీ వేగంగా తగ్గితే పిత్తాశయంలో రాళ్లు వచ్చే అవకాశం పెరుగుతుంది. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, తినడం గురించి మనసులో ఇప్పటికే బాధ పడుతున్నవాళ్లు, అంటే తిని కక్కుకోవడం, రోజుల తరబడి మానేయడం లాంటివి ఉన్నవాళ్లు, ఆన్‌లైన్ ప్రోగ్రాములో చేరే ముందు ఎదురుగా డాక్టర్ని కలిసి తీరాలి. ఇందులో బేరం లేదు.

డాక్టర్ ఆన్‌లైన్‌లో చూడటం తప్పేం కాదు, 2020 మార్చి 25న కేంద్రం టెలిమెడిసిన్ మార్గదర్శకాలు ఇచ్చింది, దాని ప్రకారం రిజిస్టర్ అయిన డాక్టరు వీడియోలో, ఫోన్లో, మెసేజ్‌లో కూడా చూడొచ్చు, కానీ చీటీ మీద రిజిస్ట్రేషన్ నంబరు ఉండాలి. ఆ నంబరు అడగడానికి మొహమాటపడొద్దు. ముఖ్యంగా బరువు తగ్గించే ఇంజెక్షన్ల విషయంలో. 2025 మార్చిలో మౌంజారో, జూన్‌లో వెగోవీ మన దేశంలోకి వచ్చాయి. అవి పనిచేస్తాయి, అందులో సందేహం లేదు, వెగోవీలో ఉండే మందు సెమాగ్లూటైడ్ పరీక్షలో 68 వారాలకు సగటున 15 శాతం దాకా తగ్గారు, నేను చెప్పే అలవాట్లతో అంత రాదు, ఒప్పుకోవాల్సిందే. కానీ అదే పరీక్షలో మందు ఆపిన ఏడాదికి తగ్గినదాంట్లో మూడింట రెండు వంతులు తిరిగొచ్చేసింది. కాబట్టి ఇంజెక్షన్ తీసుకుంటున్నవాళ్లకి మనిషి అక్కర్లేదు అనుకోకండి. ఆకలి చచ్చిపోయినప్పుడు పప్పు, గుడ్డు, పెరుగు తినకుండా రెండు ఇడ్లీలతో రోజు గడిపేస్తే కొవ్వుతోపాటు కండ కూడా పోతుంది. వికారం వస్తే ఏం చేయాలి, డోసు ఎప్పుడు పెంచాలి, ఇవన్నీ ఎవరో ఒకరు చూస్తుండాలి. ఎవరో స్నేహితుడు తెచ్చిన ఇంజెక్షన్ పెన్ను సగం సగం పంచుకునేవాళ్లు కూడా తగిలారు నాకు. దయచేసి వద్దు.

ఫీజు కట్టేముందు ఇంకేం అడగాలి అంటారా. కోచ్ ఎవరు, ఏం చదివారు, ఒకే మనిషి ఉంటారా వారానికొకరు మారతారా. ఒక కోచ్ కింద ఎంతమంది ఉన్నారు, ఈ ప్రశ్నకి చాలా కంపెనీలు సరిగ్గా జవాబివ్వవు, ఇవ్వకపోవడమే జవాబు. చాట్‌లో మాట్లాడుతున్నది మనిషా కంప్యూటరా. తెలుగులో మాట్లాడతారా, ఇది చిన్న విషయం కాదు, "ఉగాది పచ్చడి, బొబ్బట్లు" అంటే వివరించాల్సిన అవసరం లేని మనిషి అయితే సగం పని తేలిక. నా ఆరోగ్య వివరాలు ఎవరికి ఇస్తారు. మూడు నెలల ప్యాకేజీ అయిపోయాక ఏమిటి. ఈ చివరిది ఎవరూ అడగరు, అసలు కష్టం అక్కడే మొదలవుతుంది. 2008లో 1,032 మందితో ఒక పరీక్ష వచ్చింది, వీళ్లంతా ముందే సగటున ఎనిమిదిన్నర కిలోలు తగ్గినవాళ్లు, ఆ తగ్గినది నిలబెట్టుకోవడం ఎలాగన్నది ప్రశ్న. తమంతట తాము వదిలేసినవాళ్లకి రెండున్నరేళ్లలో 5.5 కిలోలు తిరిగొచ్చింది, వెబ్‌సైటు ఇచ్చినవాళ్లకి 5.2, నెలకోసారి కొన్ని నిమిషాలు ఫోన్లో ఒక మనిషి పలకరించినవాళ్లకి, మధ్యలో అప్పుడప్పుడు ఎదురుగా కూడా కలిశారు, 4 కిలోలు. ఎవరికీ పూర్తిగా నిలబడలేదు, చూశారా. కానీ నెలకి ఒక చిన్న ఫోను ఖర్చు ఎంత? అందుకే ఆరు నెలలు వారం వారం చేసి తర్వాత ఏడాదిన్నర నెలకోసారి పలకరించే ప్రోగ్రాము, మూడు నెలలు రోజూ మోత మోగించే ప్రోగ్రాము కంటే నా దృష్టిలో మంచిది, ఫీజు కొంచెం ఎక్కువైనా.

ప్రశ్నలుంటే అడగండి.

(ఒకాయన: రోజూ తూచుకోవాలా మేడమ్, వారానికోసారా?)

రోజూ తూచుకుంటే మంచిదే, కానీ రోజూ అంకె చూసి టెన్షన్ పడేవాళ్లయితే వద్దు. ఒకటే మెషీను, పొద్దున బాత్రూముకి వెళ్లొచ్చాక, కాఫీకి ముందు. నిన్న రాత్రి ఆవకాయ అన్నం తింటే పొద్దున ముప్పావు కిలో, కిలో ఎక్కువ చూపిస్తుంది, అది ఉప్పు పట్టుకున్న నీళ్లు, కొవ్వు కాదు. ఆడవాళ్లకి నెలసరి ముందు కూడా అంతే. వారం సగటు చూడండి, ఒక్క రోజు అంకెకి విలువ ఇవ్వకండి.

(ఒక అమ్మాయి: మా అమ్మ నెల్లూరులో ఒక్కతే ఉంటుందండీ, 84 కిలోలు, మోకాళ్ల నొప్పులు, స్మార్ట్‌ఫోన్ వాడటం రాదు. ఇవన్నీ ఆవిడకెలా?)

ఆవిడకి స్మార్ట్‌ఫోన్ అక్కర్లేదమ్మా, ఎస్సెమ్మెస్ పరీక్ష చెప్పాను కదా. ముందు డాక్టరుకి ఒకసారి చూపించి షుగరు, థైరాయిడ్, కిడ్నీ పరీక్షలు చేయించు, మోకాళ్లకి ఏ వ్యాయామం చేయొచ్చో ఫిజియోని అడుగు, కుర్చీలో కూర్చుని చేసేవి ఉంటాయి. తర్వాత కోచ్ నువ్వే. ఆదివారం పొద్దున ఒకే టైముకి ఫోన్ చెయ్యి, బరువు ఎంత, ఈ వారం రాత్రి అన్నం ఎన్నిసార్లు తిన్నావు, కాఫీలో చక్కెర ఎన్ని స్పూన్లు, ఈ మూడే అడుగు, నోటుబుక్‌లో రాసుకో. బరువు పెరిగిందని చెప్తే కోప్పడకు, కోప్పడితే వచ్చే ఆదివారం ఆవిడ ఒక కిలో తగ్గించి చెప్తుంది, అమ్మలు అలాగే చేస్తారు. (నవ్వులు) ఏం జరిగింది ఈ వారం అని అడుగు, చాలు. నాలుగు వారాలకి ఒక మార్పు, ఒక్కటే, ఎక్కువ వద్దు. ఎవరైనా డైటీషియన్ దగ్గర చేర్పించాలంటే మామూలు ఫోన్లో తెలుగులో మాట్లాడేవాళ్లని చూడు, యాప్ తప్పనిసరి అన్నవాళ్లని వదిలేయ్. మెషీను కొనేటప్పుడు ముల్లు తిరిగేది కొనకు, డిజిటల్‌ది, అంకెలు పెద్దగా వెలిగేది కొను, వంగి చూడక్కర్లేకుండా. గోడ పక్కన పెట్టమను, ఎక్కేటప్పుడు పట్టుకోవడానికి. అంకె చదివేటప్పుడు మాత్రం చెయ్యి తీసెయ్యమను, గోడకి ఆనుకుంటే బరువు తక్కువ చూపిస్తుంది.

టైమ్ అయిపోయిందంటున్నారు. ఇంకా చేతులెత్తినవాళ్లు కాఫీ దగ్గరికి రండి, అక్కడ మాట్లాడుకుందాం. చక్కెర లేని కాఫీ విడిగా పెట్టించారట, అది ఎడమవైపు ఫ్లాస్కు.